చుక్కాని పట్టిన యంత్రం

పడవ నడపడం చేతికి సంబంధించిన విద్య అని చూసేవారికి తోస్తుంది. నిజానికి అది ఎడతెగని మెలకువకు సంబంధించిన విద్య. తెరచాప పడవలో చుక్కాని పిడి పట్టుకొన్నవాడు కొద్దిసేపు ఏమరితే చాలు, గాలి పడవ ముఖాన్ని తన ఇష్టం వచ్చిన వైపు తిప్పివేస్తుంది. మహాసముద్రంలో ఒంటరిగా ప్రయాణించేవాడు ఎన్నాళ్ళని నిద్ర మానగలడు? అమెరికన్ నావికుడు జాషువా స్లోకమ్ 1895-1898 సంవత్సరాల మధ్య 'స్ప్రే' అనే పడవలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టి వచ్చాడు. తెరచాపలను సరితూకంగా అమర్చి చుక్కానిని కట్టివేస్తే ఆ పడవ చాలా దూరం తన దారిన తానే సాగేది. అన్ని పడవలకూ ఆ సుగుణం ఉండదు. లేనివాటికి యంత్రం తోడు కావాలి. అటువంటి యంత్రాన్ని స్వయంగా తయారు చేయాలన్న కోరిక నాలో కలిగింది.

హైదరాబాదు, సికింద్రాబాదు నగరాల నడుమనున్న హుస్సేన్‌సాగర్ నాకు ప్రయోగశాల అయింది. ఇద్దరు ఎక్కే చిన్న పడవను అందుకు ఎంచుకొన్నాను. తెరచాప తాడు నా మిత్రుడి చేతిలో ఉంటుంది. చుక్కానిని యంత్రం పడుతుంది. పాత సామాన్ల అంగడిలో కొన్న కారు వైపర్ మోటారు, 12 వోల్టుల బ్యాటరీ, అరచేతిలో ఇమిడే ఆర్డుయినో బోర్డు, గోరంత ఎలక్ట్రానిక్ దిక్సూచి - ఇదే నా సరంజామా. ఇనుము చేరువలో ఉంటే దిక్సూచి తప్పు చెబుతుంది. అందువల్ల దానిని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో అమర్చి, మోటారుకు దూరంగా బిగించాను.

పోవలసిన దిక్కుకూ, పోతున్న దిక్కుకూ గల తేడాను కనిపెట్టి చుక్కానిని తిప్పడమే కంప్యూటరు పని. దానికి లెక్క తెలుసు గాని లోకజ్ఞానం లేదు. 359 డిగ్రీలకూ 1 డిగ్రీకీ మధ్య ఉన్నది 2 డిగ్రీల ఎడమేనని మనకు తెలుసు. తీసివేత మాత్రమే తెలిసిన యంత్రం దానిని 358గా భావించి, పడవను చుట్టూ తిప్పబోతుంది. వృత్తానికి మొదలూ చివరా ఒకటేనని దానికి ముందుగా నేర్పవలసి వచ్చింది.

అసలు చిక్కు ఆ తరువాత ఎదురైంది. తేడాను బట్టి మాత్రమే చుక్కాని తిప్పితే పడవ పాములా మెలికలు తిరుగుతుంది. సరైన దిక్కుకు చేరేసరికి తిరుగుతున్న ఊపు ఇంకా మిగిలి ఉండడం వల్ల అవతలికి దాటిపోతుంది. రష్యాలో జన్మించి అమెరికాలో పనిచేసిన నికొలాస్ మినోర్‌స్కీ ఈ సమస్యపై 1922లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఓడ నడిపే సరంగుల తీరును ఆయన శ్రద్ధగా గమనించాడు. అనుభవశాలి అయిన సరంగు ప్రస్తుతం ఉన్న తేడాను మాత్రమే చూడడు. గాలి ఒకే వైపు నుండి నెడుతూ ఉంటే క్రమంగా పేరుకొన్న తేడాను గుర్తుంచుకొంటాడు; ఓడ ఎంత వేగంగా తిరుగుతున్నదో గ్రహించి ముందుగానే చేయి సడలిస్తాడు. వర్తమానం, గతం, రాబోయే క్షణం - ఈ మూడింటినీ మినోర్‌స్కీ గణిత సమీకరణంలో ఇమిడ్చాడు. నా యంత్రంలో అవి నాలుగైదు పంక్తులు మాత్రమే. కాని దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో తేల్చడానికి వారాల తరబడి చెరువు మీద తిరగవలసి వచ్చింది. చదువు లేని సరంగు చేతిలో ఎంత గణితం దాగి ఉన్నదో అప్పుడు నాకు బోధపడింది.

పడవ తిన్నగా సాగిన రోజున ఒడ్డున ఉన్న వృద్ధ శిక్షకుడు నన్ను మెచ్చుకొని, ఒక ప్రశ్న వేశాడు:

"బాబూ, నీవు ఒక్కడివే ఉన్నప్పుడు నీళ్ళలో పడితే ఈ పడవ నీకోసం ఆగుతుందా?"

ఆగదు. యంత్రం ఎంత సమర్థంగా పనిచేస్తే పడవ అంత తిన్నగా మనిషిని విడిచి వెళ్ళిపోతుంది. ఒంటరి నావికులకు అన్నింటికంటె పెద్ద భయం ఇదే. విద్యుత్తు ఆగిపోయినా చాలదు. వైపర్ మోటారులోని మరచుట్టు పళ్ళచక్రం స్వభావం వింతైనది. మోటారు తిరిగితే పిడి కదులుతుంది గాని, పిడిని కదిపితే మోటారు తిరగదు. చుక్కాని ఉన్నచోటనే బిగుసుకొని ఉంటుంది. అందుకని మోటారునూ పిడినీ కలిపే చోట ఊడివచ్చే చీల ఒకటి అమర్చి, దానికి కట్టిన తాడు రెండవ కొసను నా నడుముకు కట్టుకొన్నాను.

గాలి మందంగా ఉన్న ఒక ఉదయం, రక్షక పడవను దగ్గర ఉంచుకొని, లైఫ్ జాకెట్‌తో నీటిలోకి దూకాను. మిత్రుడు చుక్కానిని ముట్టకుండా కూర్చున్నాడు. చీల ఊడింది. స్వేచ్ఛ పొందిన పడవ మెల్లగా గాలికి ఎదురు తిరిగింది, తెరచాప రెపరెపలాడింది, పది పన్నెండు బారల దూరంలో పడవ నిలిచింది. నేను ఈదుకొంటూ వెళ్ళి దాని అంచును పట్టుకొన్నాను.

ఆ యంత్రంలో అన్నింటికంటె చవకైన భాగం ఆ చీల. అందులో కంప్యూటరు లేదు, లెక్క లేదు. అయినా ఎవరైనా ఇటువంటి యంత్రం చేస్తానంటే ముందు దానినే చేయమని చెబుతాను. దారి తప్పకుండా నడిపే నేర్పును యంత్రానికి ఎంతైనా నేర్పవచ్చు. మనిషి లేనప్పుడు ఆగిపోవడం కూడా దానికి నేర్పవలసిన బాధ్యత మనదే.