దసరాకు ముందే చెప్పాల్సిన మాట

"సార్, ఎంసెట్ ఫారం నింపాలె. జర చూసిపెడ్తరా?"

2018 మార్చి నెలాఖరు. నారాయణఖేడ్‌లోని ఓ ప్రభుత్వ హైస్కూలు. బడి వదిలేశాక లెక్కల సారు తాళాల గుత్తి తీసుకుని బయల్దేరబోతుంటే గేటు దగ్గర పాత విద్యార్థి కనిపించాడు. పక్క తండా పిల్లాడు. రెండేళ్ల క్రితం పదో తరగతి లెక్కల్లో పదికి పది పాయింట్లు తెచ్చుకున్నవాడు. అప్పుడే ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాసి వచ్చాడు. ఇంజినీరు కావాలన్నది వాడి కోరిక.

సారుకి సంతోషమేసింది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారు. "ఎంపీసీనే కదరా?"

"కాదు సార్, సీఈసీ."

ఆయన ఓ నిమిషం ఏమీ మాట్లాడలేకపోయారు. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ చదివినవాడికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష రాసే వీలే లేదు. ఆ సంగతి పిల్లాడికి ఆ బెంచీ మీదే తెలిసింది. "మా దోస్తులందరు సీఈసీ తీసుకున్నరు సార్. ఇంటర్ అయితే సాలు, ఇంజినీర్ కావచ్చు అనుకున్న" అన్నాడు. వాడు ఏడవలేదు. ఫారం కోసం తెచ్చుకున్న ఫొటోలు చొక్కా జేబులో పెట్టుకుని, "సరే సార్, పోతున్న" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సారుకి నిద్ర పట్టలేదు. తప్పు కాలేజీదా, ఇంట్లోవాళ్లదా, పిల్లాడిదా అని ఎటు తిప్పి చూసినా లెక్క తన దగ్గరికే వచ్చి ఆగింది. మూడేళ్లు వాడికి సమీకరణాలు చెప్పారు, త్రికోణమితి చెప్పారు. 'లెక్కలు ఇంత బాగా వచ్చినవాడివి, రేపు ఎంపీసీ తీసుకోరా' అన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు.

అందరికీ తెలిసిందని మనం అనుకునేది ఖేడ్ చుట్టుపక్కల ఎందరికో తెలియదు.

* * *

స్థానికులు నారాయణఖేడ్‌ను ఖేడ్ అనే అంటారు. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలో ఉండేది, జిల్లాల విభజనతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పడమట కర్ణాటక, మరికాస్త పైకి పోతే మహారాష్ట్ర. సంతలో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. మంజీర అంత దూరమేమీ కాదుగానీ పొలాలు చాలావరకు వానను నమ్ముకున్నవే. అందుకే దసరా వెళ్లిందంటే తండాలు ఖాళీ అవుతాయి. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి మొగుడూ పెళ్లాం జంటగా చెరుకు కోతకు పోతారు. జహీరాబాద్ వైపు కొందరు, కర్ణాటక, మహారాష్ట్రల్లోని చక్కెర ఫ్యాక్టరీల వైపు కొందరు. తిరిగి రావడం ఉగాదికే.

చదువుల క్యాలెండరేమో దీనికి సరిగ్గా అడ్డంగా నడుస్తుంది. పదో తరగతి నామినల్ రోల్స్‌లో పేర్లు సరిచూసుకోవాల్సిందీ, పాలిటెక్నిక్ పరీక్షకు దరఖాస్తు చేయాల్సిందీ, ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవాల్సిందీ చాలావరకు దసరాకూ ఉగాదికీ మధ్యనే. అంటే సంతకం పెట్టాల్సిన తండ్రి చెరుకు తోటలో ఉన్నప్పుడు!

అలాగని ప్రభుత్వాలు దారులు వేయలేదని కాదు. పి.వి.నరసింహారావు చొరవతో సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకుల పాఠశాల నుంచి, ఆడపిల్లల కోసం 2004లో వచ్చిన కస్తూర్బా విద్యాలయాల దాకా, పల్లె ప్రతిభ కోసమే 2008లో పుట్టిన ట్రిపుల్ ఐటీల దాకా ఎన్నో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, హాస్టళ్లు ఉన్నాయి. దారి ఉందని చెప్పేవాళ్లే తక్కువ. మార్చి వచ్చేసరికి రంగురంగుల కరపత్రాలతో ఇంటికొచ్చే ప్రైవేటు కాలేజీల మనుషులే చాలామందికి సలహాదారులు.

* * *

2018 జులైలో సారు పని మొదలుపెట్టారు. ప్రతి శనివారం ఆఖరి పీరియడు. కొత్త పుస్తకం లేదు, ఫీజు లేదు.

మొదటి రోజు ఒకటే ప్రశ్న: "పది అయినాక ఏం చేస్తరు?"

"ఇంటర్ సార్!" అని క్లాసంతా ఒకే గొంతు.

"ఏ గ్రూపు?"

నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు, "మా దోస్తు ఏది తీసుకుంటే అది సార్" అన్నాడు. అందరూ నవ్వారు. సారు నవ్వలేకపోయారు.

రెండో వారం ప్రశ్న మార్చారు. "మీరు దగ్గర్నుంచి చూసిన ఉద్యోగాలు చెప్పండి." టీచరు, పోలీసు, కండక్టరు, నర్సమ్మ... ఆరో పేరుకే ఆగిపోయింది జాబితా. పిల్లలు తాము చూసినవే కాగలమనుకుంటారు, చూడనిదాన్ని కలగనడం కష్టం. అందుకే ఆయన ఊళ్లోవాళ్లనే క్లాసుకు పిలిచారు. బస్ డిపో మెకానిక్, కరెంటు లైన్‌మన్, ఏఎన్‌ఎం, పశువుల ఆస్పత్రి ఉద్యోగి, బ్యాంకు క్యాషియర్. ఒక్కొక్కరికీ పావుగంట. 'నేనేం చదివాను, ఎక్కడ చదివాను, ఎంత ఖర్చయింది, జీతం ఎలా ఉంటుంది' ఈ నాలుగూ చెబితే చాలు. లైన్‌మన్ ఐటీఐ చదివాడని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు. కరెంటు పనికి చదువుంటుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

మూడో వారం బోర్డు మీద తలుపులు గీశారు. ఎంపీసీ తలుపులోంచి పోతే ఇంజినీరింగ్, బీఎస్సీ. బైపీసీలోంచి పోతే వైద్యం, వ్యవసాయం, పశువైద్యం. ఫార్మసీకి రెండింట్లోంచీ పోవచ్చు. సీఈసీ అయితే బీకామ్, సీఏ. లా చదవడానికీ, టీచరు కావడానికీ, డిగ్రీ తర్వాత గ్రూప్స్, సివిల్స్ రాయడానికీ అన్ని గ్రూపులవాళ్లకూ దారి ఉంది. "ఏ గ్రూపూ తక్కువ కాదు" అని గట్టిగా చెప్పారు. "కానీ కొన్ని తలుపులు ఒక వైపు నుంచే తెరుచుకుంటయి. ఎంపీసీ చదివినోడు రేపు బీకామ్‌కు పోవచ్చు. సీఈసీ చదివినోడు ఇంజినీరింగ్‌కు పోలేడు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు కాస్త వణికింది. ఎందుకో పిల్లలకు తెలియదు.

అసలు ఇంటరే చదవాలని లేదు కదా! పది తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. దాని ప్రవేశ పరీక్ష 120 మార్కులకు. లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి పాఠాలే. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. చేరడానికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. ఇక ఎనిమిదో తరగతివాళ్లకైతే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేల రూపాయలు. ఇవన్నీ పాత క్యాలెండర్ల వెనక పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించారు.

వాటి పక్కనే మరో కాగితం. 'దసరాకు ముందే' అని శీర్షిక. కింద అయిదే పనులు: ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు ఒకేలా ఉన్నాయా? కుల ధ్రువపత్రం ఉందా? ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ఏమేం ఇవ్వాలో అమ్మానాన్నలకు తెలుసా? బ్యాంకు ఖాతా తెరిచారా? పది తర్వాత ఏం చేయాలో ఇంట్లో మాట్లాడారా?

అయిదోదే అన్నిటికన్నా కష్టం.

* * *

ఆ సెప్టెంబరులో గేటు దగ్గర మళ్లీ అదే పిల్లాడు కనిపించాడు. ఈసారి ఒక్కడే కాదు, వెంట చెల్లెలు. అదే బడిలో పదో తరగతి.

"సార్, ఈసారి నేను సుత కోతకు పోతున్న. నాదేదో అయిపోయింది. చెల్లెకు మాత్రం మీరే చెప్పాలె" అన్నాడు. జేబులోంచి అయిదు వందల నోటు తీసి, "పరీక్ష ఫీజుకు సార్. అప్పటికి మేముండం" అన్నాడు.

సారు ఆ ఆదివారం తండాకు వెళ్లారు. తండ్రి నులక మంచం వాల్చి కూర్చోమన్నాడు. తల్లి చాయ్ తెచ్చింది. మాట మొదలుపెట్టగానే తండ్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పిల్ల సదువుతది సార్, నేను కాదంట లేను. గానీ మేం ఆర్నెల్లు ఊరిడిసిపోతం. ఈడొచ్చిన పిల్లను ఎవల మీద ఇడిసిపెట్టాలె? పెండ్లి జేస్తే ఫికర్ ఉండది."

సారు వాదించలేదు. ఆ భయం అబద్ధం కాదు. మెల్లగా అన్నారు. "పాలిటెక్నిక్ మూడేండ్లు. ఆడపిల్లల కాలేజీలున్నయి, హాస్టల్ ఉంటది. మీరు కోతకు పోయినా పిల్ల అక్కడ భద్రంగ ఉంటది. ఇప్పుడు పదిహేను. చదువు అయ్యేసరికి పద్దెనిమిది నిండుతయి. అంతకు ముందు పెండ్లి చేస్తే ఎట్లనూ చట్టం ఒప్పదు, కల్యాణలక్ష్మీ రాదు. ఆ మూడేండ్లు ఇంట్ల కూసోబెట్టే బదులు చదివిస్తే నీకేం పోతది?"

తండ్రి చాలాసేపు నేలకేసి చూశాడు. అప్పటిదాకా మాట్లాడని తల్లి లంబాడీలో ఏదో అంది. అమ్మాయి తలెత్తింది. "యాడి ఏమంటున్నది?" అని సారు అడిగితే అన్న చెప్పాడు. "నా లెక్క కత్తి పట్టొద్దు అంటున్నది సార్."

దసరాకు ముందే కాగితాలన్నీ పూర్తయ్యాయి. ఆధార్‌లో 'బాయి' ఉంది, బడి రిజిస్టర్‌లో లేదు. ఆ ఒక్క ముక్క సరిచేయించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో తెలిసి ఉంటే ఎవరు తిరిగేవారు?

* * *

2019 మార్చిలో అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది, ఏప్రిల్‌లో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. 8.7 పాయింట్లు వచ్చాయి. బాసర ట్రిపుల్ ఐటీకీ దరఖాస్తు పెట్టారు. ప్రభుత్వ బడి పిల్లలకు అప్పట్లో అదనంగా 0.4 కలిపేవారు. అయినా జాబితాలో పేరు రాలేదు. అమ్మాయి ఒక రోజంతా అన్నం తినలేదు. "ఒక్క తలుపే కొట్టమన్ననా నేను?" అన్నారు సారు. పాలిటెక్నిక్‌లో మంచి ర్యాంకే వచ్చింది.

సర్టిఫికెట్ల పరిశీలనకు హైదరాబాద్ బస్సెక్కారు. అమ్మాయి, అన్న, సారు. సంగారెడ్డి దాటాక కంది దగ్గర రోడ్డు పక్కన పెద్ద గేటు, లోపల ఆకాశానికి లేచిన భవనాలు. "ఇదేం ఫ్యాక్టరీ సార్?" అని అడిగింది.

"ఫ్యాక్టరీ కాదమ్మా, ఐఐటీ. 2008లో మొదలైంది. ఇది మన జిల్లానే."

దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి చదువుకుంటున్నారు అక్కడ. పక్కన కూర్చున్న అన్న మాత్రం ఏమీ అడగలేదు. గేటు కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి వెనక్కి చూస్తూ ఉండిపోయాడు. సారు అది గమనించారు. బస్సు పటాన్‌చెరు చేరేలోపు అడిగారు. "ఐటీఐలో వయసు పట్టింపు లేదురా. నీ పది మార్కులు నీ దగ్గర్నే ఉన్నయి కదా?"

* * *

ఆ తర్వాత దారి నున్నగా ఏమీ సాగలేదు. 2020 మార్చిలో కరోనాతో హాస్టళ్లు మూతపడ్డాయి. అమ్మాయి తండాకు వచ్చేసింది. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను, సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీదే. ఆ మెట్ల మీదే కూర్చుని పాఠాలు విన్నది. చాలామంది చదువు మానేసింది అప్పుడే. ఆ అమ్మాయికీ ఓ సంబంధం వచ్చింది. ఈసారి కాదన్నది తండ్రే. "మూడేండ్లు అని సారుకు మాటిచ్చిన" అన్నాడట.

2022లో డిప్లొమా చేతికొచ్చింది. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరి, 2025లో పూర్తి చేసింది. ఇప్పుడు పటాన్‌చెరు వైపు ఓ కంపెనీలో ట్రైనీ. జీతం గొప్పగా ఏమీ లేదు. మొదటి నెల జీతంలోంచి అన్నకు అయిదు వందలు ఇచ్చి, "పరీక్ష ఫీజు బాకీ" అందట.

అన్న ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివాడు. ఖేడ్ చుట్టుపక్కల ఇళ్ల వైరింగు, బోరు మోటార్ల పని చేసుకుంటున్నాడు. దసరా వస్తే ఊరు విడిచిపోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఇంజినీరు కాలేదన్న మాట ఎప్పుడైనా వస్తే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా సారుకి 2018 నాటి బెంచీ గుర్తొస్తుంది.

శనివారం ఆఖరి పీరియడు ఇప్పటికీ నడుస్తోంది. ఆ మధ్య మాట్లాడటానికి అన్ననే పిలిచారు. ఐటీఐ గురించి చెబుతాడేమో అనుకున్నారు సారు. అతను చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద 'సీఈసీ' అని రాసి పిల్లలవైపు తిరిగాడు.

"ఇది మంచి గ్రూపే. గానీ నాకు గావాల్సింది ఇది గాదు. నన్నెవరూ అడగలె, నేనెవర్నీ అడగలె. మీరు అడగండి."

ముందు బెంచీలో ఓ చెయ్యి లేచింది. దాని వెనకే మరొకటి. గంట కొట్టినా ఆ రోజు క్లాసు కదల్లేదు.