పినాంగ్‌లో మూడు రాత్రుల బస

వచ్చే బడి సెలవుల్లో పినాంగ్ వెళ్లాలని మీలో కొందరు అనుకుంటున్నారు. "టీచర్, ఎక్కడ దిగితే బాగుంటుంది?" అని గుడి తరగతి అయ్యాక ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను ప్రయాణాలు ఏర్పాటు చేసే మనిషిని కాను, బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. కాని మా అమ్మను, పిల్లలను వెంటబెట్టుకుని జార్జ్‌టౌన్‌కు నాలుగుసార్లు వెళ్లాను. ముసలివాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఏం కావాలో కొంత తెలుసు.

ముందు ఒక మాట నేర్చుకుందాం: బస. ప్రయాణంలో ఉన్నవాళ్లు కొద్ది రోజులు ఉండే చోటును బస అంటారు. "మీ బస ఎక్కడ?" అని అడుగుతారు. "ఫలానా వీధిలో బస చేశాం" అని జవాబు చెబుతారు. దీన్ని బస్సుతో కలపకండి. మా తరగతిలో ఏటా ఒక్కరైనా కలుపుతారు.

పినాంగ్ అనగానే చాలామంది బతు ఫెరింగి వైపు పెద్ద హోటళ్లు చూస్తారు. ఈత కొలను, ఇసుక, పొద్దున్నే బఫే. తప్పేమీ లేదు, పిల్లలకు సరదాయే. నా మాట అడిగితే మాత్రం పాత ఊళ్లోనే దిగండి. జార్జ్‌టౌన్ 1786లో ఫ్రాన్సిస్ లైట్ పెట్టిన రేవు పట్టణం. 2008లో మలక్కాతో పాటు యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అయితే నేను అక్కడ దిగమనేది అందుకు కాదు. మద్రాసు నుంచి, నాగపట్నం నుంచి వచ్చిన ఓడలు ఈ దేశంలో ముందుగా ఆగింది పినాంగ్‌లోనే. మన పెద్దల్లో చాలామంది ఈ నేలను మొదట చూసింది అక్కడే.

పాత ఊళ్లో బస అంటే ఎలా ఉంటుందో చెబుతాను. కింద అంగడి, పైన ఇల్లు ఉండే పాత కట్టడాలు వీధి పొడుగునా ఆనుకుని ఉంటాయి. ముందు వైపు ఇరుకు, లోపలికి పొడుగు. మధ్యలో గాలికి, వెలుతురుకు తెరిచి ఉంచిన చిన్న వాకిలి ఉంటుంది. అలాంటి వాటిని కొన్నింటిని బాగుచేసి నాలుగు, ఆరు, పది వాటాల చిన్న హోటళ్లుగా మార్చారు. ఒక్కో వాటాలో పడకగది, కూర్చునే చోటు, చిన్న వంటగది ఉంటాయి. వీటిని అపార్ట్‌హోటల్ అంటారు, సర్వీస్ సూట్ అని కూడా అంటారు. హోటల్లో లాగా పక్కబట్టలు మారుస్తారు. ఇంట్లో లాగా పొయ్యి వెలిగించుకోవచ్చు.

నాకు ఆ పొయ్యి ముఖ్యం. పినాంగ్‌లో తిండికి కొదవ లేదు. నాసి కందర్, చార్ కుయ్ తియావ్, వీధి చివర చెండోల్ ఉండగా వంట చేయడం పిచ్చితనం అని మా తమ్ముడు అంటాడు. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు. రెండు పూటలు బయట తింటే మూడో పూట చారు, అన్నం అడుగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. హోటల్ గదిలో మంచం మీద కూర్చుని అందరూ ఫోన్లు చూస్తారు. వంటగదిలో ఒకరు చింతపండు పిసకాలి, ఒకరు ఉల్లిపాయ తరగాలి. "అది ఇటివ్వు", "ఇంకా ఉడకలేదు", "ఉప్పు చూడు" అనాలి. గుడి తరగతిలో మేము వారానికి రెండు గంటలు ఎంత అరిచినా రాని తెలుగు అక్కడ వస్తుంది.

ఇప్పుడు గది మాట్లాడుకునే ముందు అడగవలసినవి. అన్నిటికంటే ముందు మెట్లు. పాత ఇళ్లలో చెక్క మెట్లు నిలువుగా, ఇరుకుగా ఉంటాయి, లిఫ్టు సాధారణంగా ఉండదు. ఫోటోల్లో మంచం కనిపిస్తుంది, రంగురంగుల గచ్చు కనిపిస్తుంది, మెట్లు మాత్రం కనిపించవు. ఒకసారి ఒక చోట (పేరు చెప్పను) ఫోనులో కింది అంతస్తు అని ఒప్పుకుని, తీరా సామానుతో వెళ్లాక పై గది ఇచ్చారు. అమ్మ ఒకసారి ఎక్కింది, రెండు రోజులు దిగలేదు. పై కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంది. అందుకని "కింది అంతస్తు" అనే మాట రాతలో తీసుకోండి. మెట్ల ఫోటో పంపమని అడగండి. మొహమాటం వద్దు.

తర్వాత పొయ్యి. కొన్ని చోట్ల వంటగది అంటే నీళ్లు కాచే కెటిల్, మైక్రోవేవ్, అంతే. పోపు పెట్టాలంటే మంట ఉండాలి, లేదా కరెంటు పొయ్యి ఉండాలి. పెద్ద గిన్నె ఒకటి ఉందా అని అడగండి. లేకపోతే ఇంటి నుంచి తీసుకెళ్లండి. మేము ఎప్పుడూ తీసుకెళ్తాం.

ఇంకొకటి, అనుమతి. 2023లో పినాంగ్ ప్రభుత్వం కొద్ది రోజుల అద్దెలకు నియమాలు పెట్టింది. మనుషులు కాపురం ఉండే బహుళ అంతస్తుల ఇళ్లలో ఇలాంటి అద్దెలు కుదరవని చెప్పింది. కాబట్టి ఎవరో ఫ్లాటు తాళం తపాలా పెట్టెలో పెడతామంటే ఆలోచించండి. అనుమతి ఉన్న చిన్న హోటల్ అయితే రసీదు ఇస్తారు, రాత్రి ఏదైనా అయితే పలికే మనిషి ఉంటాడు. బిల్లులో రోజుకు రెండు మూడు రింగిట్ల స్థానిక రుసుము కనిపిస్తే కంగారు పడకండి, అది అక్కడి నియమమే. విదేశీయుల దగ్గర తీసుకునే పర్యాటక పన్ను మలేషియా పౌరులకు లేదు. భారతదేశం నుంచి చుట్టాలు వస్తే వాళ్ల గదికి కట్టాలి.

వారాంతంలో, బడి సెలవుల్లో ధరలు పెరుగుతాయి. జూలై 7 ఆ రాష్ట్రంలో వారసత్వ దినం సెలవు, ఆ రోజుల్లో ఊరు నిండిపోతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలు ఎక్కువ.

ఎలా వెళ్లాలి? కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కు ఈటీఎస్ రైలు ఉంది. నాలుగు గంటలకు పైగా పడుతుంది. రైలు దిగి నడిచి వెళ్తే పడవ రేవు. కారులో వచ్చేవాళ్లు వంతెన మీద నుంచి వెళ్లక తప్పదు, ఎందుకంటే పడవలో ఇప్పుడు మనుషులను, మోటార్‌సైకిళ్లను, సైకిళ్లను మాత్రమే ఎక్కిస్తారు. అయినా కారు బస దగ్గర పెట్టేసి, ఒకసారి పడవలో అటు వెళ్లి ఇటు రండి. పావుగంట పని. తిరిగి వచ్చేటప్పుడు ముందు వైపు నిలబడండి. నీళ్లు, వాటి వెనక తెల్లటి పాత కట్టడాలు, వాటి వెనక కొండ. ఓడ మీద వచ్చినవాళ్లకు ఊరు ఎలా ఎదురుపడిందో వంతెన మీద నుంచి తెలియదు.

దిగాక రెండు రోజులు నడవడమే. కాళ్లు నొప్పి పెడితే ఊరి మధ్య తిరిగే ఉచిత బస్సు ఉంది. పిల్లలకు నేను పెట్టే ఆట ఒకటి చెబుతాను. వీధి పలకలు చదివించండి, మనకు తెలిసిన మాటలు వెతికించండి.

సముద్రం వైపు వెళ్తే "గాట్ లెబు చూలియా", "గాట్ లెబు గెరెజా" అని పలకలు ఉంటాయి. గాట్ అంటే ఘాటు, అంటే నీళ్లలోకి దిగే రేవు. లెబు పంతై ఒకప్పుడు నిజంగా సముద్రపు ఒడ్డు, పేరు కూడా అదే చెబుతుంది. తర్వాత సముద్రాన్ని పూడ్చి వెల్డ్ రేవు కట్టారు. పాత వీధులను కొత్త ఒడ్డు దాకా పొడిగించి ఆ ముక్కలకు ఘాటు అని పేరు పెట్టారు. మీరు నడిచే ఆ నాలుగు అడుగులూ ఒకప్పటి సముద్రం అని చెబితే పిల్లలు కిందికి చూసుకుంటారు.

ఆ రేవు దగ్గర సరుకు దాచే పెద్ద కొట్లు ఉన్నాయి. మలయ్ భాషలో గుడాంగ్. తెలుగులో గిడ్డంగి. రెండూ పక్కపక్కన పలికించండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. పినాంగ్ రోడ్డులో చౌరస్తా బజారు ఉంది. చౌరస్తా అంటే నాలుగు దారులు కలిసే చోటు. హైదరాబాదు వైపు ఈ మాట రోజూ వాడతారు. అక్కడ జాజికాయ ఊరగాయ దొరుకుతుంది, కొనండి. మలయ్‌లో బందర్ అంటే పట్టణం. మన వాళ్లు బందరు అంటే మచిలీపట్నం. రెండూ రేవు అని అర్థం ఉన్న ఒకే పారశీక మాట.

కపితాన్ కెలింగ్ మసీదు దగ్గర కొంచెం ఆగండి. 1801లో మొదలైన మసీదు అది. దాన్ని కట్టించిన పెద్ద కాదర్ మొహిద్దీన్. కెలింగ్ అనే మాట కళింగ దేశం పేరు నుంచి వచ్చింది. కళింగ అంటే ఇప్పటి ఒడిశా, దానికి ఆనుకున్న శ్రీకాకుళం, విశాఖ తీరం. మనలో చాలామంది తాతలు వచ్చింది అటునుంచే. ఒక దేశం పేరు ఈ ఒడ్డున మనుషుల పేరైంది, చివరికి తిట్టు కూడా అయింది. మసీదు పేరుగా గౌరవంగా చదవండి. మనిషిని అలా పిలవకూడదని పిల్లలకు చెప్పండి. బడిలో వాళ్లను ఎవరైనా అలా పిలిచి ఉంటే ఆ మాట అక్కడే బయటికి వస్తుంది. మా అబ్బాయి విషయంలో అలాగే వచ్చింది.

అక్కడికి దగ్గరే క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది. చుట్టూ లిటిల్ ఇండియా. చీరల అంగళ్లు, అరిటాకు భోజనం, పెద్ద శబ్దంతో సినిమా పాటలు. అక్కడ వినిపించేది తమిళం. తెలుగు వినిపించాలంటే మనమే మాట్లాడాలి. ఐదడుగుల అరుగుల మీద నడుస్తూ మాట్లాడండి. వాటిని మలయ్‌లో కాకి లీమా అంటారు, కాకి అంటే అడుగు, లీమా అంటే ఐదు. మా చిన్నది మాత్రం ప్రతి అరుగు మీదా ఐదు కాకులను వెతుకుతుంది.

మూడో రోజు నగరం వదిలి దక్షిణంగా బయాన్ లెపాస్ వైపు వెళ్లండి. క్వీన్స్‌బే దగ్గర ఒడ్డున నిలబడితే ఎదురుగా అడవి కప్పిన దీవి కనిపిస్తుంది. పేరు పులావ్ జెరెజాక్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ కుష్ఠు రోగులను ఉంచారు. తర్వాత ఓడల మీద వచ్చిన కూలీలను జబ్బులేమీ లేవని తేలేదాకా అక్కడే ఆపేవారు. 1969 నుంచి 1993 దాకా జైలుగా ఉంది. సాయంత్రం వెళ్తే వెలుగు దీవి మీద పడుతుంది, బాగా కనిపిస్తుంది.

మా అమ్మ ఎప్పుడూ జెరెజాక్ అనలేదు. "కోరంటి" అనేది. కోరంటి అంటే పువ్వు అనుకున్నాను నేను చిన్నప్పుడు. క్వారంటైన్ అనే మాట ఎస్టేటులో నలిగి నలిగి అలా అయింది. అమ్మ వాళ్ల తాత ఒప్పందం మీద వచ్చిన మనిషి. మలయాకు ఒప్పందం కూలీలను తేవడం 1910లో ఆగింది, ఆయన అంతకు ముందే వచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లు కంగాణీల వెంట వచ్చారు. మీ ఇంట్లో "రజులా" అనే ఓడ పేరు వినిపిస్తే మీవాళ్లు ఇంకా తర్వాత వచ్చినట్టు. ఆ ఓడ 1926లో తయారైంది.

ఒడ్డున నిలబడి అమ్మ ఏమీ చెప్పలేదు. దీవిని చూసి, ఎండగా ఉంది పోదాం అంది. ఆ రాత్రి బసలో వంకాయలు తరుగుతూ మొదలుపెట్టింది. తాత బట్టలు తీసుకుని ఆవిరిలో పెట్టి ముడతలు పడ్డవి తిరిగి ఇచ్చారట. పక్కన పడుకున్నవాడు ఒక పొద్దున లేడట. "అక్కడున్నన్ని రోజులూ కొండ కనిపించేది గానీ ఊరు కనిపించలేదు" అనేవాడట. ఆ పక్కన పడుకున్నవాడి పేరు కూడా అమ్మకు తెలుసు, ఊరు కూడా తెలుసు. యాభై ఏళ్లుగా నాకు చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. మా అబ్బాయి అడిగాడు. తప్పుల తెలుగే, "తాత భయం వచ్చిందా?" అన్నాడు. అమ్మ వాడి వాక్యం దిద్దలేదు, జవాబు చెప్పింది.

కాబట్టి మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే రెండు రాత్రులు చాలవు, మూడు తీసుకోండి. మొదటి రాత్రి అలసటతో పోతుంది, రెండోది ఊరు చూసిన హడావుడిలో పోతుంది. ఫోను బల్ల మీద పెట్టి మాటలు రికార్డు చేయండి, కాని ముందుగా వాళ్లకు చెప్పి పెట్టండి. ఇవి అడగడానికి తేలిక: "ఓడలో ఏం తిన్నారు?", "ఎవరితో వచ్చారు?", "ఏ ఊరి నుంచి?", "రేవులో దిగాక ఎక్కడికి తీసుకెళ్లారు?" అర్థం కాని మాట వస్తే ఆపకండి, రాసుకుని తరగతికి తీసుకురండి. కోరంటి లాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో.

ఈసారి అమ్మ కూడా వస్తానంటోంది. కింది అంతస్తు వాటా ఒకటి చూసి ఉంచాను. మెట్ల ఫోటో కూడా తెప్పించాను, గుమ్మం ముందు రెండే ఉన్నాయి.