గుర్రాల లెక్క చూసేదెవరు?

హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్‌లో చమురు చుక్క కొలవకుండా కదలదు. కోల్‌కతాకు దిగువనున్న ఈ రేవు పట్టణాన్ని చరిత్ర పుస్తకాలు 1914 నాటి కొమగట మారు కాల్పులతో గుర్తుపెట్టుకుంటే, బండ్లు నడిపేవారు పెట్రోలుతో గుర్తుపెట్టుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఇక్కడ చమురు ట్యాంకులున్నాయి. ఓడ నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి లారీకి, లారీ నుంచి బంకుకు చేరే ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు కొలత చూస్తారు. ఆఖరికి బంకు దగ్గర స్కూటరు ఆపినవాడికి అనుమానం వచ్చినా, అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి అందులో కొట్టించి చూసుకోవచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. అది అతని హక్కు.

మరి ఆ పెట్రోలు తాగే కారు మాటేమిటి? లక్షలు పోసి కొనేవాడికి షోరూంలో రంగుల కరపత్రం ఒకటి చేతిలో పెడతారు. అందులో ఇన్ని హార్స్‌పవర్ అని ఒక అంకె ఉంటుంది. ఇంటికొచ్చి ఆ అంకెను పక్కింటాయనకు చెప్పుకోవడమే తప్ప, అది నిజమో కాదో తేల్చుకునే దారి కొనుగోలుదారుకు ఉండదు. కిలో వంకాయలకు తక్కెడ ముల్లు చూసే మనిషి, జీవితంలో ఇంటి తర్వాత అంత ఖరీదైన వస్తువును నమ్మకం మీద తెచ్చుకుంటాడు.

కార్ల క్లబ్బులు జరుపుకొనే ‘డైనో డే’ ఈ లోటును కొంతయినా పూడుస్తుంది. డైనో అంటే డైనమోమీటర్. నేలలో అమర్చిన బరువైన ఉక్కు రోలర్ల మీదికి కారు చక్రాలను ఎక్కించి, బండి ఎగిరి పోకుండా బెల్టులతో బిగిస్తారు. ముందు పెద్ద ఫ్యాను పెడతారు. డ్రైవరు గేరు మార్చకుండా యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కుతాడు. కారు ఉన్నచోటే ఉంటుంది, రోలర్లు మాత్రం హోరెత్తుతాయి. కొన్ని క్షణాల్లో కంప్యూటర్ తెర మీద రెండు గీతలు పైకి లేస్తాయి. ఒకటి టార్క్, రెండోది పవర్. సొంతంగా పరీక్ష చేయించుకుంటే ఖర్చెక్కువ. క్లబ్బు సభ్యులు పదిమందీ కలిసి ఒక సెలవు రోజు పొద్దున్నే వస్తే తలా కొంత పడుతుంది. పైగా ఒకే రోజు, ఒకే గాలి, ఒకే యంత్రం కాబట్టి పోలికకు విలువ ఉంటుంది.

అంకె వచ్చాక కాసేపు మొహాలు చూడాలి. చాలామందికి తొలిసారి దక్కేది నిరాశే. కంపెనీలు చెప్పేది ఇంజిన్ దగ్గర కొలిచిన శక్తి. గేర్‌బాక్సు, షాఫ్టులు, టైర్లు దాటి చక్రాలకు చేరేసరికి పది నుంచి ఇరవై శాతం దాకా దారిలోనే ఖర్చవుతుందని ట్యూనర్ల అంచనా. కాబట్టి తక్కువ వచ్చినంత మాత్రాన మోసమనలేం. వాతావరణమూ తనవంతు తీసుకుంటుంది. మే నెలలో హుగ్లీ ఒడ్డున గాలి వేడెక్కి, తేమతో బరువెక్కినట్టు అనిపిస్తుంది. నిజానికి ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, దాంతోపాటే శక్తి కూడా. అందుకే ఫలితాన్ని ప్రామాణిక ఉష్ణోగ్రతకు సరిచేసి చెబుతారు. అమెరికా ఇంజినీర్ల ప్రమాణంలో అది 25 డిగ్రీలు. ఈ దిద్దుబాటును కాస్త ఉదారంగా వాడి ఖాతాదారును సంతోషపెట్టే ట్యూనర్లూ లేకపోలేదు. తక్కెడకూ తక్కెడ కావాలన్నమాట.

ఆ మాటకొస్తే హార్స్‌పవర్ పుట్టిందే అమ్మకం కోసం. ఆవిరి యంత్రం కొనండంటే, మిల్లుల్లో గుర్రాలు కట్టుకున్న యజమానులు అది ఎన్ని గుర్రాల పెట్టని అడిగేవారు. జేమ్స్ వాట్ ఒక లెక్క కట్టాడు: నిమిషానికి 33 వేల అడుగు-పౌండ్లు. మామూలు గుర్రం రోజంతా చేయలేని పని అది.

పదిమంది కలిసి కొలిస్తే ఏమవుతుందో ఫోర్డ్ కంపెనీకి 1999లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మస్టాంగ్ కోబ్రాకు 320 హార్స్‌పవర్ ఉందని ప్రకటించింది. అమెరికాలో కొన్నవాళ్లు తమ కార్లను రోలర్లెక్కిస్తే లెక్క తేలలేదు. ఒక్కడు ఫిర్యాదు చేస్తే బండి సరిగా చూసుకోలేదని పంపించేసేవారేమో. ఊరూరా అవే గీతలు కనిపించేసరికి కాదనడానికి వీల్లేకపోయింది. ఆగస్టులో కంపెనీ అమ్మకాలు ఆపేసింది. అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి ఇన్‌టేక్ మానిఫోల్డ్, కంప్యూటర్, ఎగ్జాస్ట్ మార్చి ఇచ్చింది. మామూలు కోబ్రా 2000 మోడల్ అసలు రానేలేదు. రెండేళ్ల తర్వాత మాజ్డా తన మియాటా స్పోర్ట్స్ కారుకు 155 అని చెప్పి, 142 మాత్రమేనని ఒప్పుకొంది. వద్దనుకున్నవారి కార్లను తిరిగి కొంటానంది.

మనదేశంలో బెంగళూరు, కోయంబత్తూరు లాంటిచోట్ల ట్యూనింగ్ షాపుల్లో డైనోలున్నాయి. కానీ ఇక్కడ డైనో డే అనగానే సైలెన్సర్ కోయించుకున్న కుర్రాళ్ల జాతరన్న అభిప్రాయం బలంగా ఉంది. అందులో కొంత నిజముంది కూడా. కంపెనీ నమూనాకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే పది గుర్రాలు పెరుగుతాయంటూ వేలకు వేలు పెట్టి అంటగట్టే ఫిల్టర్ల బండారం బయటపడేదీ ఆ రోలర్ల మీదే. మార్పుకు ముందో గీత, తర్వాతో గీత, రెంటి మధ్యా వెంట్రుకవాసి తేడా.

గుర్రాల గొడవ మనకెందుకు, లీటరుకు ఎంతిస్తుందో చెప్పండి చాలు అనేవారే మనలో ఎక్కువ. ఆ మైలేజీ అంకె కూడా రోలర్ల మీద పుట్టిందే. గంటకు 90 కిలోమీటర్లు మించని వేగంతో, ఏసీ వేయకుండా, ముందే రాసిపెట్టిన పద్ధతిలో నడిపి తీసిన లెక్క అది. బెహాలా ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారుకు ఆ పద్ధతి తెలియదు. పొగ పరీక్షా అంతే. 2013లో జనరల్ మోటార్స్ ఇండియా సుమారు 1.14 లక్షల తవేరాలను వెనక్కి పిలిచింది. తక్కువ పొగ వదిలే ఇంజిన్లను ఏరి, పరీక్షకు పంపే బండ్లకు బిగించారని తేలింది. ప్రభుత్వ కమిటీ దాన్ని కార్పొరేట్ మోసమంది. ఫోక్స్‌వ్యాగన్ ఇంకో అడుగు ముందుకేసింది. తాను రోలర్ల మీదున్నానని స్టీరింగ్ కదలికలను బట్టి కారే పసిగట్టి బుద్ధిగా ప్రవర్తించేది, రోడ్డెక్కగానే విషం కక్కేది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు పరికరాలను కార్లలోనే పెట్టుకుని రోడ్లమీద వేల మైళ్లు తిరిగారు కాబట్టి 2015లో గుట్టు రట్టయింది. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల కార్లు!

ప్రయోగశాలను ప్రయోగశాలకే వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? బడ్జ్ బడ్జ్ రోడ్డు పక్కన ఏ షెడ్డులోనో రోలర్లు వేసి, ఒక ఆదివారం పొద్దున బండ్లను వరుసలో నిలబెడితే, ముందు ఎక్కించాల్సింది స్టిక్కర్లు అంటించిన ఎర్రకారును కాదు. ఏ మార్పూ చేయని పాత మారుతి 800ను. కంపెనీ చెప్పింది 37. చక్రాల దాకా ఎన్ని గుర్రాలు మిగిలాయో రాసి గోడకు అంటించాక, మిగతావాళ్లు వరుసలో రావచ్చు.