తాతగారి మోటారు: తేలిన లెక్క

పాత వస్తువును బాగుచేయించడమా, తీసివేయడమా అన్న తగవు రాని ఇల్లు ఉండదు. ఒకరింట కుట్టు మిషను, ఇంకొకరింట గోడ గడియారం. మా ఇంట ఆ తగవు పడవ మోటారు మీద వచ్చింది.

మాది యానాం. గౌతమి ఒడ్డున బ్రతికేవారికి చెప్పనక్కరలేదు గాని, దూరాన ఉన్న మన సభ్యుల కోసం ఒక మాట. పడవ వెనుక చెక్కకు బిగించి, పని కాగానే విప్పి ఇంటికి మోసుకుపోగల యంత్రాన్ని అవుట్‌బోర్డు మోటారు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకానికి తెచ్చి ప్రసిద్ధుడైనాడు. ఆయన పేరుతో వచ్చే మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

మా తాతగారు కొన్నది ఇంగ్లండులో తయారైన సీగల్. దానికి పైన డొప్ప లేదు, ఆర్భాటం లేదు. పెట్రోలు టాంకు, చక్రం, ఆ చక్రానికి చుట్టి లాగే తాడు, పొడుగాటి గొట్టం, అడుగున పంకా, అంతే. దానితోనే మా నాన్నగారు లంకల నుండి కొబ్బరికాయలు చేరవేశారు. పడవ అమ్ముడుపోయి చాలా ఏళ్లయింది. మోటారు మాత్రం గోనె కప్పుకొని వసారాలో ఉండిపోయింది. నాన్నగారు పోయిన తరువాత దాని సంగతి మా అన్నదమ్ములం ముగ్గురం తేల్చవలసి వచ్చింది.

మాలో చిన్నవాడు బాగుచేయిద్దామన్నాడు. పెద్దవాడు పాత ఇనుములో వేద్దామన్నాడు. నడిమివాడిది ఆఫీసులో లెక్కలు వ్రాసే ఉద్యోగం గనుక, కాగితం మీద పెట్టి చూద్దామన్నాడు. అందరం ఒప్పుకున్నాము.

ముందుగా పైసా ఖర్చు లేని పరీక్షలు చేశాము. చక్రాన్ని చేత్తో తిప్పితే, పిస్టను పైకి వచ్చేటప్పుడు ఎదురుతోపు తగలాలి. తగిలితే సిలిండరు, పిస్టను చాలావరకు బాగున్నట్టే. అసలు కదలకపోయినా, అడ్డులేకుండా గిర్రున తిరిగినా ఖర్చు పెద్దదవుతుంది. తరువాత పెట్రోలు టాంకు దూరంగా పెట్టి, ప్లగ్గు విప్పి, దాని ఇనుప భాగాన్ని సిలిండరుకు ఆనించి తాడు లాగితే నిప్పురవ్వ కనపడాలి. మూడవది ఉప్పు. మా దగ్గర గోదావరికి సముద్రపు పోటు తగులుతుంది. మోటారును చల్లబరిచే నీటిదారులలో ఉప్పు పేరుకుంటే అవి మూసుకుపోతాయి; బోల్టులు కరుచుకుపోయి, విప్పబోతే విరుగుతాయి.

మా మోటారుకు తోపు ఉన్నది, రవ్వ లేదు. కాకినాడ మెకానిక్కు రెండు లెక్కలు చెప్పాడు. కాయిలు, కండెన్సరు, ప్లగ్గు మార్చి, కార్బురేటరు శుభ్రం చేస్తే 8,000 రూపాయలు. గేర్లు విప్పి, పంకా మార్చి, రంగు వేసి కొత్తదానిలా చేస్తే 30,000 పైమాటే. సీగల్ తయారీ గత శతాబ్దిలోనే ఆగిపోయింది. విడిభాగాలు ఇంగ్లండులో దొరుకుతాయి గాని, వస్తువు ఖరీదుకు రవాణా, సుంకం తోడవుతాయి.

నడిపించడం వేరు, కొత్తదానిలా చేయించడం వేరు అని మాకు అప్పుడు తెలిసింది. అంతవరకు ఈ రెండింటినీ ఒకటిగా కలిపి పోట్లాడుకున్నాము.

ఇంతకూ నడిపించి ఏమి చేయాలి? పడవ లేదు. ఉన్నా, ఇంత చిన్న మోటారును నమ్ముకొని ఆటు లాగే వేళ గౌతమిలో పిల్లలను ఎక్కించుకుపోవడం వివేకం కాదు. పైగా పాత సీగల్‌కు పది పాళ్ల పెట్రోలులో ఒక పాలు నూనె కలపాలి. పొగ, నీటి మీద జిడ్డు తప్పవు. అమ్ముదామంటే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. ఇక ఇంటి పెంకులు కారుతున్నవి. వానలకు ముందే తిరగవేయించాలి.

అంతవరకు అమ్మ మాట్లాడలేదు. “మీ నాన్న ఉంటే ముందు పెంకుల పని చూసేవారురా. ఆ తరువాత మోటారు విప్పుకు కూర్చునేవారు. రంగు మాత్రం వెయ్యనిచ్చేవారు కాదు” అన్నది.

ఆ మాటే మా తీర్మానమైంది. ముందు ఇల్లు. తరువాత మోటారుకు 8,000, మూడు వాటాలు. మధ్యలో బోల్టు విరిగినా, సిలిండరు చీలినట్టు తేలినా అక్కడితో ఆపి, తుడిచి నూనె రాసి ఉంచుకోవాలి. రంగు జోలికి పోరాదు. నాన్నగారి చేతిలో అరిగిన పిడిని కొత్తది చేస్తే మనకు మిగిలేదేమిటి?

దీపావళి వెళ్లిన ఆదివారం, పెరట్లో పీపా నిండా నీళ్లు పోసి మోటారు దింపాము. తొమ్మిదవ లాగుకు అందుకున్నది. పెరడంతా పొగ, పిల్లలందరూ చెవులు మూసుకున్నారు. అమ్మ మెట్టు మీద కూర్చుని ఆగేదాకా విన్నది. మొత్తం ఖర్చు 7,640 రూపాయలు. దండుగ అని పెద్దవాడు ఇప్పటికీ అంటాడు. తన వాటా అందరికన్న ముందు ఇచ్చినవాడూ ఆయనే.

ఇటువంటి తగవు మీ ఇంట వస్తే, ఖర్చు లేని పరీక్షలు ముందు చేయండి. దాటరాని మొత్తం వ్రాసి పెట్టుకోండి. ఇంటి అవసరాన్ని దాటి ముందుకు పోకండి. జ్ఞాపకాన్ని ఖరీదు వరుసలో వ్రాయకండి. దానికి వేరే వరుస గీసుకోండి.