21 మంది టోర్వాల్డ్స్‌లు

మొన్న రాత్రి రెండున్నరకి మా అమ్మాయిని భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నా. మూడు నెలల పిల్ల. పగలంతా నిద్రపోయి సరిగ్గా నేను లాప్‌టాప్ మూసే టైముకి డ్యూటీ ఎక్కుతుంది. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో ఫోను. ఫోన్లో 'జస్ట్ ఫర్ ఫన్'. లీనస్ టోర్వాల్డ్స్, డేవిడ్ డైమండ్‌తో కలిసి 2001లో తెచ్చిన ఆత్మకథ. ఇంజనీరింగ్ సెకండియర్లో ఒకసారి చదివాను, లైనక్స్ పుట్టిన భాగం తప్ప మిగతాదంతా దాటేసి. వాళ్ళ తాతలూ అమ్మమ్మల గొడవ మనకెందుకు అనుకునే వయసు అది. ఈసారి ఆ దాటేసిన పేజీలే చదివాను.

అక్కడ దొరికిందండీ ఈ ముక్క. టోర్వాల్డ్స్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద 21 మందేనట! అందరూ చుట్టాలేనట. ఇది పాతికేళ్ళ కిందటి పుస్తకంలో లీనస్ చెప్పిన లెక్క, ఇప్పుడు ఒకరిద్దరు అటూ ఇటూ అయ్యుంటారు. అయినా 21 ఏంటి? మా బి.టెక్ క్లాసులో రెడ్డిలే అంతకంటే ఎక్కువమంది.

ఫిన్లాండు జనాభా 56 లక్షలు. అక్కడ బాగా ఎక్కువగా కనిపించే ఇంటిపేర్లు కొర్హొనెన్, విర్తనెన్. ఒక్కొక్కటీ సుమారు 20 వేలమందికి ఉంటుంది. మరి ఈ 21 ఎలా వచ్చింది? వంశం అంతరించిపోతూ మిగిలినవాళ్ళేమో అనుకున్నా ముందు. కాదు. అసలది ఇంకా మొదలై ఎంతో కాలం కాలేదు. ఆ ఇంటిపేరుని తయారుచేసింది లీనస్ వాళ్ళ తాతగారే, అంటే నాన్నకి నాన్న.

ఆయన పేరు ఓలె. 1916లో పుట్టాడు. స్వీడిష్‌లో రాసే కవి, జర్నలిస్టు. (ఫిన్లాండులో స్వీడిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి ఐదుగురు దాకా ఉంటారు, లీనస్ కూడా ఆ బాపతే.) పుట్టినప్పుడు ఆయన పూర్తి పేరు ఓలె టోర్వాల్డ్ ఎలిస్ సాక్స్‌బెర్గ్. తండ్రి లేని పిల్లాడు, అందుకని తల్లి పుట్టింటివాళ్ళ పేరు సాక్స్‌బెర్గ్ వచ్చింది. తర్వాత ఆవిడ పెళ్ళి చేసుకుంది. ఆ మారుతండ్రి పేరు కరంకో, పిల్లాడికీ అదే తగిలించారు. ఓలెకి ఆ మనిషి నచ్చలేదు. ఎంత నచ్చలేదంటే, ఇంటిపేరు తీసి అవతల పారేసేంత. పారేసి ఏం పెట్టుకున్నాడు? తన పేరులో మధ్యన ఉన్న టోర్వాల్డ్‌ని చివరికి జరిపి, దానికో 'ఎస్' తగిలించాడు. అయిపోయింది. టోర్వాల్డ్స్.

ఆ ఎస్ ఎందుకయ్యా అంటే, అది ఉంటే పేరుకి కాస్త బరువు వస్తుందని అనుకున్నాడట. టోర్వాల్డ్ అంటే థార్ దేవుడి పేరూ, ఏలుబడి అనే అర్థమున్న మాటా కలిసిన మంచి పాత పేరు. చివర ఎస్ పెట్టేసరికి ఆ అర్థం కాస్తా చెడిందనీ, స్వీడిష్ వాళ్ళకీ ఫిన్నిష్ వాళ్ళకీ కూడా ఎలా పలకాలో తెలీకుండా పోయిందనీ మనవడి గోల. లీనస్ సంగతి తెలిసిందే కదా, ప్యాచ్‌లో తప్పుంటే ఎవర్నీ వదలడు. తాతగారి ప్యాచ్‌ని కూడా వదల్లేదు. సరిగ్గా పలికితే అది 'టూర్‌వాల్డ్స్'కి దగ్గరగా ఉంటుంది. ఇన్నేళ్ళూ మనమందరం తప్పే పలికామన్నమాట.

నాకు మాత్రం ఆ ఎస్ మరీ అంత తప్పనిపించలేదు. ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడేవాళ్ళలో ఎస్‌తో ముగిసే ఇంటిపేర్లు ఉన్నాయి, స్మెడ్స్ లాంటివి. స్మెడ్ అంటే కమ్మరి, స్మెడ్స్ అంటే 'కమ్మరి వాళ్ళు' అన్నట్టు. ఒట్టి టోర్వాల్డ్ అంటే మనిషి పేరే. ఎస్ పడితే ఏదో ఇంటివాళ్ళ పేరులా కనిపిస్తుంది. వెనకాల ఇల్లు లేనివాడు కనీసం ఒక అక్షరమైనా తెచ్చిపెట్టుకున్నాడేమో. ఇది నా ఊహ అనుకోండి.

అసలు ఫిన్లాండులో ఇంటిపేర్లు మనమనుకునేంత గట్టి వస్తువులు కావు. తూర్పున సవో, కరేలియా వైపు వంశం పేరు తరతరాలుగా వచ్చేది, ఆ 'నెన్'తో ముగిసేవి ఎక్కువ అటువే. పడమటి వైపు కథే వేరు. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఏ కమతంలో ఉంటే ఆ కమతం పేరు. పొలం మారితే పేరు మారిపోయేది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు అత్తగారి కమతం పేరుతోనే చలామణీ అయ్యేవాడు! మన ఇల్లరికపు అల్లుళ్ళు అన్నీ వదులుకున్నా ఇంటిపేరు మాత్రం వదులుకోరు కదా, వాళ్ళకి ఆ ముచ్చట కూడా లేదు. ఇక 1906లో స్నెల్మన్ అనే పెద్దాయన శతజయంతి వచ్చింది. ఆ సందర్భంగా స్వీడిష్ పేర్లున్న ఫిన్నిష్ వాళ్ళు పదుల వేలల్లో తమ పేర్లని ఫిన్నిష్‌లోకి మార్చేసుకున్నారు. ఆక్సెల్ గాలెన్ అనే పెద్ద చిత్రకారుడు 1907లో అక్సెలి గాలెన్ కల్లెలా అయ్యాడు. 1946 నుంచి 56 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న పాసికివి కూడా పుట్టడం హెల్‌స్టెన్‌గానే పుట్టాడు, ఈ ఊపుకి ముందే మార్చుకున్నాడు. ఇంటిపేరు ఉండి తీరాలని చట్టం వచ్చిందే 1920లో.

వాళ్ళందరూ దేశం కోసం, భాష కోసం మార్చుకున్నారు. ఓలె ఒక మనిషి మీద కోపంతో మార్చుకున్నాడు. నాకెందుకో ఈయనే దగ్గరగా అనిపించాడు.

ఇంకో తమాషా ఏంటంటే, ఒక కుటుంబానిదని స్థిరపడిన పేరుని సంబంధం లేనివాళ్ళు కొత్తగా పెట్టుకుంటామంటే ఫిన్లాండు చట్టం మామూలుగా ఒప్పుకోదు. అంటే లైనక్స్‌ని ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు, టోర్వాల్డ్స్‌ని చేసుకోలేరు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఓపెన్ సోర్స్ మనిషి ఇంటిపేరు క్లోజ్డ్ సోర్స్!

పేర్ల విషయంలో ఆ ఇంట్లో వాస్తు ఏదో ఉంది. లీనస్ మొదట తన కెర్నెల్‌కి ఫ్రీయాక్స్ అని పెట్టాడు. 1991లో దాన్ని సర్వర్‌లో పెట్టిన ఆరి లెమ్కెకి ఆ పేరు నచ్చక, డైరెక్టరీకి తనే లైనక్స్ అని పెట్టేశాడు. అలా లీనస్‌లోంచి లైనక్స్ వచ్చింది. ఓలె 1995లో పోయాడు. 1.0 వచ్చింది 1994 మార్చిలో. మనవడు పెద్దవాడవడం కాస్తయినా చూసే పోయాడు. అన్నట్టు లీనస్‌కి మొదటి కంప్యూటర్ తగిలింది ఈ తాత దగ్గర కాదు. అమ్మకి నాన్న, లియో టోర్న్‌క్విస్ట్, హెల్సింకి యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. ఆయన కొన్న విక్-20 మీదే చిన్నప్పుడు లీనస్ ప్రోగ్రాములు టైపు చేశాడు. కంప్యూటర్ ఇచ్చింది టోర్న్‌క్విస్ట్ తాత, గిట్ లాగ్‌లో కనిపించేది టోర్వాల్డ్స్ తాత పేరు. ఇంటిపేరు అనేది ఎప్పుడూ సగం సంగతే చెబుతుంది లెండి.

సరే, నా గొడవకొస్తా.

నా పేరు రవికిరణ్. టెన్త్ మార్కుల మెమోలో చివర ఒక ఇనీషియల్ ఉంటుంది, అంతే. ఇంటిపేరు పూర్తిగా ఎక్కడా లేదు. పాస్‌పోర్టుకి వెళ్ళినప్పుడు ఇనీషియల్స్ పనికిరావన్నారు. ఇంటిపేరు పూర్తిగా రాద్దామంటే దానికి కాగితం లేదు. సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరు దగ్గర ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్! మా రూమ్మేట్ ఒకడు అక్కడ రెండేళ్ళు మిస్టర్ ఎఫ్.ఎన్.యు.గా బతికాడు. ఇవన్నీ చూసి, ఫారాలు నింపే ఏజెంటు నా పేరుని మధ్యకి విరిచాడు. గివెన్ నేమ్ రవి, సర్‌నేమ్ కిరణ్. అయిదు నిమిషాల పని. వంద రూపాయలు తీసుకున్నాడు.

అప్పుడు నవ్వుకున్నా. ఆఫీసులో అమెరికా వాళ్ళు మిస్టర్ కిరణ్ అంటుంటే అలవాటైపోయింది. మా ఆవిడ తెలివైంది, పెళ్ళయ్యాక తన పాస్‌పోర్టు ముట్టుకోలేదు. ఇప్పుడు పిల్ల పుట్టింది. ఆస్పత్రిలో పేరు లేకుండానే జననం నమోదు చేశారు. ఏడాదిలోపు పేరు రాయించుకుంటే ఆలస్య రుసుము లేదు. పేరు తేలిపోయింది, ఇంటిపేరు దగ్గరే ఆగాం. నా కాగితాలతో కలవాలంటే పిల్లకి కిరణ్ అని పెట్టాలి. అసలైన ఇంటిపేరు పెడితే రేపు ప్రతి ఎయిర్‌పోర్టులో ఈ పిల్ల మీకేమవుతుంది అని అడుగుతారు.

ఈ మాట నాన్నకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నీతో మన ఇంటిపేరు ఆగిపోయినట్టేనా?" అన్నారు. కోప్పడి ఉంటే బావుండేది. నాకు అన్నదమ్ముల్లేరు.

నిజానికి మా ఇంటిపేరు ఏదో ఊరి పేరు. ఆ ఊరెక్కడుందో నాన్నకీ తెలీదు. చిన్నప్పుడు తాతయ్యని అడిగితే "ఎక్కడో ఉంటుందిలే" అనేవాడు. అయినా ఓ నాలుగొందల ఏళ్ళుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నదాన్ని ఒక జిరాక్స్ షాపు పక్కన కూర్చున్న ఏజెంటు వంద రూపాయలకి తెంపేశాడన్న బాధ నాకూ మొదలైంది. ఆ బాధలోనే ఆ రాత్రి ఓలె కథ చదివాను. ఆయనా మధ్య పేరుని చివరికి జరిపాడు, నాదీ అదే కథ. కాకపోతే ఆయన కావాలని చేసుకున్నాడు, నాకు జరిగిపోయింది. గిట్ భాషలో చెప్పాలంటే ఆయనది ఇనీషియల్ కమిట్. నాది ఇనీషియల్ పోగొట్టిన కమిట్.

ఆదివారం నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. ఫిన్లాండు, మారుతండ్రి, ఎస్, 21 మంది, అంతా చెప్పాను. లైనక్స్ అంటే ఏంటో ఆయనకి తెలీదు, "నీ ఫోన్లో లోపల ఉండేది" అన్నా, "సరే చెప్పు" అన్నారు. మొత్తం విని, "ఆ మారుతండ్రి కొట్టేవాడా?" అని అడిగారు. పుస్తకంలో అది లేదన్నాను.

"మీ తాతయ్యకి కూడా ఇది పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు కాదురా" అన్నారు అప్పుడు.

ఇరవై ఏడేళ్ళొచ్చాయి నాకు, ఈ సంగతి ఇప్పుడు వింటున్నా. తాతయ్యని ఏడేళ్ళప్పుడు దత్తత ఇచ్చారట. పిల్లల్లేని దూరపు చుట్టాలు, మూడెకరాలు ఉన్నవాళ్ళు. కన్నవాళ్ళకి ఆరుగురు సంతానం, తినడానికి కష్టంగా ఉండేదట. దత్తత ఇచ్చాక ఇంటిపేరూ గోత్రమూ మారిపోయాయి. పెంచినవాళ్ళు బాగానే చూశారు, ఆయన వాళ్ళని ఒక్క మాట అనలేదు. కాని కన్నతల్లి బతికున్నన్నాళ్ళూ ఏటా కనుమ నాడు ఒక్కడే సైకిలేసుకుని ఆ ఊరు వెళ్ళి, చీకటి పడేలోపు వచ్చేసేవాడట. ఎవర్నీ వెంట రానిచ్చేవాడు కాదు. "ఆ ఇంటిపేరేంటి నాన్నా?" అని అడిగాను. చెప్పారు. ఎప్పుడూ విన్న పేరు కాదు. కాగితం మీద రాసుకున్నా.

అంటే నాలుగొందల ఏళ్ళని నేను ఏడుస్తున్న ఇంటిపేరు మా దగ్గరికొచ్చి ఎనభై ఏళ్ళు. మా తరంతో కలిపితే మూడు తరాలు. టోర్వాల్డ్స్‌కీ మాకూ పెద్ద తేడా లేదు!

ఇంతకీ ఫారం ఇంకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. తొమ్మిది నెలలు టైముంది. ఇదంతా మా ఆవిడకి చెబితే, పిల్లకి పాలు పడుతూ, "అయితే మనమూ ఒక ఎస్ పెడదాం, కిరణ్స్" అంది. ఫోన్ స్పీకర్లోనే ఉందని ఇద్దరం మర్చిపోయాం.

"వద్దమ్మా," అన్నారు నాన్న అటునుంచి, "కోచింగ్ సెంటర్ పేరులా ఉంది."