బంగారు లేడి కోసం ఒక కొత్త డబ్బా

భద్రాచలం వెళ్ళేవాళ్ళు రామయ్య దర్శనానికి వెళతారు. ముత్యాల తలంబ్రాల కోసం వెళతారు. పాపికొండలు చూడ్డానికి వెళతారు. నేను మాత్రం 2025 మార్చిలో ఒక కంప్యూటరుకు వైద్యం చేయడానికి వెళ్ళాను. నవ్వకండి! రోగి పరిస్థితి అప్పటికే విషమించింది మరి.

సినిమా పత్రికలో కంప్యూటరు గొడవేమిటంటారా? సంబంధం ఉంది, చెబుతాను. మా బావకు భద్రాచలంలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, శారీ ఫంక్షన్లు... ఈ చుట్టుపక్కల ఎక్కడ మేళం మోగినా బావ కెమెరా అక్కడుంటుంది. క్యాసెట్ల కాలం నుంచీ ఉన్న మనిషి. తీసిందంతా ఇంటికొచ్చి కంప్యూటరు మీద మిక్సింగ్ చేసుకుంటాడు. ఆ కంప్యూటరు 2013లో కొన్నది. అది నడిస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఒకరోజు పొద్దున్నే అక్క ఫోను. "తమ్ముడూ, మీ బావ రెండు రోజుల్నుంచి అన్నం సరిగా తినట్లేదురా. మిషను పదినిమిషాలు నడిచి ఆగిపోతున్నదట. మూడు పెళ్ళిళ్ళు అందులోనే ఉన్నాయి" అంది. పెళ్ళి మళ్ళీ జరగదు కదా! ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను.

బొగ్గు, బూడిద, ఆకు

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ దాటేవరకూ చెరువులూ పొలాలూ. జూలూరుపాడు దాటాక మట్టి రంగు మారుతుంది, గాలి మారుతుంది, బస్సులో మాటల యాస కూడా మారుతుంది. కొత్తగూడెం వచ్చేసరికి సింగరేణి బొగ్గు లారీలు ఎదురొస్తాయి. ఇక్కడి రైల్వే స్టేషను పేరు 'భద్రాచలం రోడ్'. ఆ పేరు నమ్మి సంచీ పట్టుకుని దిగిన కొత్త యాత్రికుడు "గుడి ఏ పక్కనండీ?" అని అడిగితే, ఆటోవాళ్ళు నవ్వుతూ ఇంకో 40 కిలోమీటర్ల దారి చూపిస్తారు.

పాల్వంచలో అలవాటుగా కిటికీలోంచి తల బయటపెట్టాను. చిన్నప్పుడు ఆ దారిన పోతుంటే పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు దూరం నుంచే కనబడేవి. వాటిలో ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చేశారు. ఆకాశం ఖాళీగా కనబడింది. కరెంటు తయారుచేసే చోట కూడా వేడిని బయటికి పంపించడమే పెద్ద పని. వేడి పోయే దారి లేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా కూలబడుతుంది. బావ మిషను కథా అదేనేమో అనుకున్నాను. సగం నిజమే అయింది.

పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. టేకు ఆకు రాల్చేసింది. అక్కడక్కడ ఇప్పచెట్లు. ఎండలు ముదిరితే ఊళ్ళకు ఊళ్ళు తునికాకు కోతకు కదులుతాయి. ఆ తర్వాత సారపాక కాగితపు మిల్లు, దాని వెంటనే గోదావరి, 1965 నాటి పాత వంతెన. మార్చి నెల గోదారి ఇసుక తిన్నెల మధ్య సన్నగా, ఏమీ ఎరగనట్టు పారుతున్నది. ఈ గోదారేనా 1986 ఆగస్టులో ఇక్కడ 75.6 అడుగులకు లేచింది? ఈ గోదారేనా 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది? మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. లెక్క మీరే వేసుకోండి.

రోగి పరీక్ష

"ఏం బామ్మర్దీ, దేవుణ్ణి చూడ్డానికొచ్చినవా, దయ్యాన్ని వదిలించడానికొచ్చినవా?" అన్నాడు బావ. నవ్వుతున్నాడు గానీ కళ్ళ కింద నలుపు దాగలేదు.

డబ్బా పక్కరేకు విప్పాను. పంకా రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. ప్రాసెసరుకూ దాని మీది చల్లార్చే దిమ్మకూ మధ్య ఉండాల్సిన పేస్టు సున్నంలా ఎండిపోయింది. అందుకే వేడెక్కి ఆగిపోతున్నది. అదొక్కటే అయితే బ్రష్షుతో, కొత్త పేస్టుతో అయిపోను. మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు పూరీల్లా పైకి ఉబ్బి ఉన్నాయి. అన్నిటికంటే భయపెట్టింది హార్డ్ డిస్కు. టిక్... టిక్... టిక్. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళకు గుండె జారుతుంది.

"వరదల్లో మేడ మీదికి మోసినం మామయ్యా. నీళ్ళు తగలలేదు. కానీ ఆ చెమ్మలో వారం ఉన్నది" అన్నాడు మా మేనల్లుడు. ఇంటరు అయిపోయి, బావ వెంట కెమెరా మోస్తున్న కుర్రాడు.

ఇక్కడొక మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. టిక్ టిక్ మంటున్న డిస్కును పదేపదే ఆన్ చేసి చూడకూడదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త చస్తుంది. దాన్ని ఊడదీసి నా లాప్‌టాపుకు తగిలించాను. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఒకటుంది. చెడిపోయిన చోట మొండిగా కూర్చోకుండా ముందుకెళ్ళి, బాగున్నదంతా మొదట ఇంకో డిస్కులోకి దించి, తర్వాత వెనక్కొచ్చి చెడ్డ జాగాలను ఒక్కొక్కటే బతిమాలుతుంది. రెండు రాత్రులు పట్టింది. రెండు పెళ్ళిళ్ళు పూర్తిగా వచ్చాయి. మూడో దాంట్లో పదకొండు నిమిషాలు రాలేదు.

"ఏ పదకొండు నిమిషాలు?" అన్నాడు బావ.

అప్పగింతలు.

బావ ఏమీ అనలేదు. చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పర్ణశాల దారిలో

మర్నాడు మేనల్లుడు నన్ను బండి మీద పర్ణశాల తీసుకెళ్ళాడు. సుమారు 35 కిలోమీటర్లు. తమాషా చూడండి, ఊరు దాటీదాటగానే ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్ వస్తుంది, కాసేపటికి మళ్ళీ తెలంగాణ వస్తుంది. 2014లో చుట్టుపక్కల గ్రామాలు అటు వెళ్ళి, గుడి ఉన్న ఊరు ఇటు ఉండిపోయింది. అడవికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవే చెట్లు, అదే నీడ, అదే పక్షి కూత.

పర్ణశాలలో సీతమ్మ వాగు ఒడ్డున, రాళ్ళ మీది రంగు చారల్ని నారచీరల గుర్తులని చూపిస్తారు. అక్కడ కూర్చుని కుర్రాడు ఫోను తీశాడు. ఒక బొమ్మ చూపించాడు. సగం పూర్తయిన లేడి. కాళ్ళు ఉన్నాయి, కొమ్ములు ఉన్నాయి, చర్మం ఇంకా రాలేదు.

"ఇది బంగారు లేడి మామయ్యా. బ్లెండర్లో చేస్తున్నా, ఉచితంగానే దొరుకుద్ది. దీంతో ఒక గేమ్ చెయ్యాలి. అడవిలో లేడి వెంట పరిగెత్తడం. పాత మిషన్లో ఒక్కసారి తిప్పి చూడాలంటే టీ తాగి రావచ్చు. నాయనేమో గేములు ఆడుతున్నాడనుకుంటడు."

"ఆడట్లేదా?"

"ఆడతా... ఆడకుండా చేయడం ఎట్లా వస్తది?"

ఈ మాట కాదనలేకపోయాను. సినిమాలు చూడకుండా సినిమా తీసినవాడెవడు?

ఇప్పుడు మన పత్రికకు సంబంధించిన సంగతి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. 'ఈగ' (2012), 'బాహుబలి' (2015) లాంటి సినిమాల గ్రాఫిక్స్‌లో ఒక్కో ఫ్రేమును కంప్యూటర్లు తీరిగ్గా లెక్కకట్టి తయారుచేస్తాయి. ప్రేక్షకుడికి అది కనబడదు కాబట్టి చెల్లుతుంది. గేమ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆడేవాడు ఎటు తిరిగితే అటు అడవి అప్పటికప్పుడు పుట్టాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో అరవయ్యో వంతు! అందుకే గేములాడే కంప్యూటరుకు బొమ్మల లెక్కలు చేసే చిప్పు గట్టిది కావాలి. అది ఉన్న మిషను వీడియో మిక్సింగూ చకచకా చేస్తుంది. అంటే తండ్రికి కావలసిందీ, కొడుక్కు కావలసిందీ ఒకటే డబ్బా. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు, అంతే.

ముప్పై వేల లెక్క

అక్క చీటీ డబ్బు తీసింది. ముప్పై వేలు. ఒక దుకాణంలో అంతకు రెట్టింపు చెప్పారు, రంగురంగుల దీపాలున్న డబ్బాతో కలిపి. దీపాలు మనకెందుకు? సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుంది. కంప్యూటరు విడిభాగాలకు అదొక పెద్ద సంత. ఒక మెట్టు ఎక్కితే ఒక ధర, ఇంకో మెట్టు ఎక్కితే ఇంకో ధర.

ముందు చవక దారులు ఆలోచించాను. పాత డబ్బాలోనే జిటిఎక్స్ 1050 టిఐ కార్డు పెట్టొచ్చు. 2016 నాటిది, 75 వాట్లతో స్లాటు నుంచే కరెంటు తీసుకుంటుంది, వేరే తీగ అక్కర్లేదు. కానీ బోర్డే చచ్చింది. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ డబ్బాలు చవకే. వాటిలో చాలావాటికి పవర్ సప్లయి సొంత అచ్చు, రేపు పోతే మామూలుది పట్టదు. పైగా విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని అప్పటికే ప్రకటించారు. ఆపేశారు కూడా. పాత ప్రాసెసర్లను విండోస్ 11 లోపలికి రానివ్వదు.

చివరికి కుదిరిన జాబితా ఇది. రైజెన్ 5 5600జి ప్రాసెసరు 11,000. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, బొమ్మల చిప్పు అందులోనే ఉంది కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండానే పని మొదలవుతుంది. మదర్‌బోర్డు 6,500. బయాస్ ఈ ప్రాసెసరును గుర్తుపట్టేంత కొత్తదేనా అని అడిగి మరీ తీసుకున్నాను. ర్యామ్ 16 జీబీ 3,200. ఒకటే 16 కాదు, రెండు 8లు. ఈ రకం చిప్పు ర్యామ్‌నే వాడుకుని బొమ్మలు వేస్తుంది, రెండు దారులుంటే వేగం పెరుగుతుంది. 500 జీబీ ఎస్ఎస్‌డి 2,900. పవర్ సప్లయి 3,100. ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు, ఇల్లు కట్టి పునాది మానేసినట్టవుతుంది. డబ్బా 1,900. మొత్తం 28,600. మానిటరు, కీబోర్డు పాతవే. భద్రపరచడానికి విడిగా ఒక డిస్కు నా తరఫున కొన్నాను.

అప్పుడు కొనడం మంచిదయింది. 2025 చివరికల్లా కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులు ఎగరేసుకుపోయి ర్యామ్ ధర కొండెక్కింది.

రాత్రి రైలెక్కి, అట్టపెట్టెల్ని తలకింద పెట్టుకుని, డోర్నకల్ దగ్గర మెలకువొచ్చి, తెల్లారేసరికి 'భద్రాచలం రోడ్'లో దిగాను. ఈసారి గుడి ఏ పక్కనని అడగలేదు.

దీపం వెలిగింది

బిగించే పని కుర్రాడి చేతే చేయించాను. ప్రాసెసరు కూర్చుంది. ర్యామ్‌లు నొక్కాడు. స్విచ్చి వేశాడు. పంకా తిరిగింది, తెర మీద చీకటి. బావ వాకిట్లోంచి "అయిపోయిందా ముప్పై వేలూ?" అన్నాడు. నాకూ చెమట పట్టింది. మళ్ళీ విప్పి చూస్తే ఒక ర్యామ్ పూర్తిగా దిగలేదు. 'టక్' మనేదాకా నొక్కాడు. తెర వెలిగింది. ఈసారి చప్పుడు 'టక్' మన్నందుకు సంతోషించాం!

సాయంత్రానికి పెళ్ళి వీడియో తెగకుండా నడిచింది. 2013 నాటి జిటిఎ 5 కూడా నడిచింది. ఎర్తింగు సరిచేయించాం.

ఇక అప్పగింతలు. బావ ఆరోజు చొక్కా వేసుకుని వెళ్ళింది పెళ్ళివారింటికే. దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆడపిల్ల తండ్రి చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "మా వాళ్ళ ఫోన్లలో ఉండొచ్చు, అడుగుతా" అన్నాడట. పదిమంది బంధువుల ఫోన్ల నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఒకదాంట్లో తల కోసుకుపోయింది, ఒకదాంట్లో ఎవరిదో వేలు అడ్డం. తండ్రీ కొడుకులు రాత్రంతా కూర్చుని అతికారు. బావ సొమ్ము సగమే తీసుకున్నాడు.

నేను బయల్దేరే ముందు రాత్రి, కుర్రాడు బంగారు లేడిని తెరమీద తిప్పుతున్నాడు. టీ తాగి రానక్కర్లేదు, మౌసు కదిలిస్తే లేడి కదులుతున్నది. బావ వెనక నిలబడి చూస్తున్నాడు. తిడతాడేమో అనుకున్నాను.

"కెమెరా ఎక్కడ పెట్టినవురా?"

"ఇక్కడ నాయనా."

"దించు. ఇంకా దించు. సాయంత్రం ఎండ అడవిలో అట్లా పడదు. ఆకుల సందుల్లోంచి పడుద్ది, మచ్చలు మచ్చలుగా. నలభై ఏళ్ళు చూసిన. జరుగు."

కుర్రాడు కుర్చీలో సగం చోటిచ్చాడు.

తెల్లవారుజామున బస్సు వంతెన ఎక్కుతుంటే అక్క ఫోను చేసింది. ఇద్దరూ ఇంకా పడుకోలేదట!