ఆదరణ కూడిక అయిపోయిన తర్వాత



మనలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, సమాధి కార్యక్రమమైన కొద్దిరోజులకు ఆదరణ కూడిక పెట్టుకుంటాం. పాటలు పాడతాం, వాక్యం చెబుతాం, భోజనాలు పెడతాం. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు, చుట్టాలు బస్సెక్కుతారు. అసలు దుఃఖం ఆ రాత్రే మొదలవుతుందని మాకు చాలా ఏళ్లు తెలియలేదు.

రెండేళ్ల కిందట ఒక తల్లి చేతికందొచ్చిన కొడుకును పోగొట్టుకుంది. ఆ కూడికలో మేము నలభై నిమిషాలు ప్రసంగించాం. "ఇది దేవుని చిత్తం, విశ్వాసులు ఏడవకూడదు" అన్నాం. ఆమె మందిరానికి రావడం మానేసింది. పాస్టరమ్మగారు వెళ్లి అడిగితే, "అయ్యగారి ముందు ఏడవాలంటే భయమేస్తోందమ్మా" అందట. ఆ మాట మమ్మల్ని మోకాళ్ల మీద పడేసింది.

మళ్లీ యోబు గ్రంథం తెరిచాం. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతో నేలమీద కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పాకే గాయం పెద్దదైంది. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నారు. మరి ఏడవకూడదని మేమెక్కడ నేర్చుకున్నాం?

ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో తన పుస్తకంలో రాసిన అయిదు దశల గురించి సెమినరీలో చదువుకున్నాం. ఆమె మాట్లాడింది మరణానికి దగ్గరైన రోగులతో. వాటిని మెట్లలా లెక్కపెట్టి, "నువ్వింకా తేరుకోలేదా?" అని అడిగితే అది ఆదరణ కాదు.

అందుకే ఇప్పుడు నెలకొక సోమవారం, పొలం పనుల నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లం మందిరంలో చాపలు పరుచుకుని కూర్చుంటున్నాం. ప్రసంగం ఉండదు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. సలహాలివ్వకూడదు. ఎవరినీ బలవంతంగా మాట్లాడించకూడదు. విన్నది గడప దాటకూడదు.

మూడో నెలలో ఆ తల్లి వచ్చింది. చాలాసేపటికి, "వాడి చొక్కా ఇంకా ఉతకలేదు. నాకు పిచ్చి పట్టిందేమో" అంది. భార్యను పోగొట్టుకున్న ఒక పెద్దాయన, "నేనూ ఆవిడ చీర తలకింద పెట్టుకునే పడుకుంటానమ్మా" అన్నాడు. ఆమె భోరున ఏడ్చింది. మేము నోరు తెరవలేదు. మా ప్రసంగం చేయలేనిది ఆ పెద్దాయన మాట చేసింది.

ఆమె ఆదివారం ఆరాధనకు ఇంకా రావడం లేదు. సోమవారం మాత్రం తప్పడం లేదు. మేము తొందరపెట్టడం లేదు.

ఒక్క మనవి. తిండీ నిద్రా మానేసి, "నేనూ వాళ్ల దగ్గరికే పోతాను" అనేవాళ్లుంటే ఒంటరిగా వదలకండి. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్దాం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆదరణకర్తయైన దేవుడు మనకు మంచి మాటలకన్నా ముందు వినే చెవులు దయచేయును గాక. ఆమేన్.